1815 నాటి ఐర్లండ్ పత్రికల్లో పరువు ఎవరిది, క్రీడాస్ఫూర్తి ఎవరిది?

పాతపత్రిక
రెండు నెలలుగా ఒక విషయం నన్ను వదలడం లేదు. 1800 నుంచి 1835 దాకా ఐర్లండ్‌లో వెలువడిన పత్రికల స్కాన్ ప్రతులు రోజూ రాత్రి కూర్చుని చదువుతున్నాను. ఫ్రీమన్స్ జర్నల్, బెల్‌ఫాస్ట్ న్యూస్‌లెటర్, డబ్లిన్‌లో వచ్చిన మరికొన్ని. ఇద్దరు భూస్వాములు పొలం మధ్యలో ఎదురెదురుగా నిలబడి పిస్తోళ్ళతో కాల్చుకుంటారు. దీన్నే డ్యుయెల్ అంటారు. ఒకరు చనిపోతారు. చట్టం దృష్టిలో అది హత్యే. పత్రిక మాత్రం దాన్ని ‘గౌరవ వ్యవహారం’ అంటుంది. ఇద్దరూ పెద్దమనుషుల్లా నడుచుకున్నారని మెచ్చుకుంటుంది. రెండు ఊళ్ళ రైతులు సంతలో కర్రలతో తలపడితే అదే పత్రికకు వాళ్ళు ఆటవికులు. ఇక ఒక వడ్రంగి బాక్సింగ్ బరిలోకి దిగితే, ఒక పక్క రౌండు రౌండూ వర్ణిస్తారు, మరో పక్క ఇటువంటి పోటీలు దేశానికి సిగ్గుచేటు అంటారు.

ఆ కాలపు ‘గౌరవం’, ‘క్రీడాస్ఫూర్తి’ అనే మాటల మీద తెలుగులో ఒక వ్యాసం రాయాలని మొదలుపెట్టాను. ఇప్పుడు కలం కదలడం లేదు. ఈ మాటల వెనుక నిజంగా ఒక నీతి ఉందా? డబ్బున్నవాళ్ళ హింసకు వేసిన రంగు మాత్రమేనా?

సందేహం_సత్యం
రంగే. ఇందులో ఆలోచించడానికి ఏముంది? మనిషిని చంపడంలో మర్యాద ఎక్కడి నుంచి వస్తుంది?

నల్లకోటు
అంత తేలికగా కొట్టేయకండి. వాళ్ళకు రాసిపెట్టుకున్న నియమావళి ఉంది. 1777లో టిప్పరరీ జిల్లా క్లోన్‌మెల్ పట్టణంలో కోర్టు సమావేశాలు జరుగుతున్న రోజుల్లో టిప్పరరీ, గాల్వే, మేయో, స్లైగో, రాస్‌కామన్ ప్రాంతాల పెద్దమనుషులు కూర్చుని తయారుచేశారు. ‘నాకు తెలియదు’ అనే సాకు చెప్పకుండా ఒక ప్రతిని పిస్తోళ్ళ పెట్టెలోనే ఉంచుకోవాలి.

అందులోని కొన్ని నియమాలు చూడండి. మొదట తప్పు చేసినవాడే మొదట క్షమాపణ చెప్పాలి, జవాబుగా వచ్చిన మాట ఎంత ఘాటుగా ఉన్నా సరే. చేయి చేసుకున్నవాడికి ఉత్త నోటి క్షమాపణ చాలదు, బెత్తం తెచ్చి దెబ్బ తిన్నవాడి చేతికిచ్చి తన వీపు చూపించాలి, లేదా కాల్పులకు నిలబడాలి. వెంట వచ్చిన మిత్రులు, వాళ్ళ భాషలో ‘సెకండ్’లు, పోరుకు ముందు రాజీకి ప్రయత్నించి తీరాలి. చేయి వణికేంత గాయం తగిలితే ఆ రోజుకు వ్యవహారం ముగిసినట్టే. రంగు వేసుకోవడానికి ఇంత శ్రమ ఎవరూ పడరు. ఇది కోపాన్ని కట్టడి చేయడానికి పుట్టిన పద్ధతి.

పాతపత్రిక
నల్లకోటు గారు, మీరు చెప్పని నియమం ఒకటుంది. గాలిలోకి కాల్చడం కుదరదు. అది పిల్లల ఆట అవుతుంది కాబట్టి నిషేధం. కోపాన్ని కట్టడి చేయడమే ఉద్దేశమైతే, ప్రాణం తీయడం ఇష్టంలేనివాడు తుపాకీ పైకెత్తి కాల్చే దారిని ఎందుకు మూసేశారు?

నల్లకోటు
అవును, ఉంది. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. చంపే ఉద్దేశం లేనివాడు సవాలే చేయకూడదని వాళ్ళ తర్కం. అంతవరకే చెప్పగలను.

సందేహం_సత్యం
ఆ సెకండ్‌గా ఎవరైనా రావచ్చా? జీతగాడు వస్తే ఒప్పుకుంటారా?

నల్లకోటు
ఒప్పుకోరు. సెకండ్‌లు కూడా పోరాడేవాళ్ళతో సమానమైన అంతస్తు ఉన్నవాళ్ళే కావాలని ఒక నియమం స్పష్టంగా చెబుతుంది.

సందేహం_సత్యం
అయితే నేను మొదట అన్నదానికే మీరు సాక్ష్యం తెచ్చారు.

పదాలపుట్ట
పాతపత్రిక గారి వ్యాసానికి పనికొస్తుందని ఒక మాట. ఆ కాలపు ఇంగ్లీషులో ‘స్పోర్ట్స్‌మన్’ అంటే మనం అనుకునే క్రీడాకారుడు కాదు. వేటకుక్కలు, గుర్రాలు, తుపాకి ఉన్న మనిషి. పందెం కాసే మనిషి. మనం పత్రికల్లో రాసే ‘క్రీడాస్ఫూర్తి’ని 1815కి తీసుకెళ్ళి అతికిస్తే అర్థం చెడుతుంది. అప్పటి జనం నోట ఉన్న మాట ‘ఫెయిర్ ప్లే’. అది పందేలతో ముడిపడిన మాట. డబ్బు కాసినవాడు తనకు మోసం జరగకూడదని కోరుకుంటాడు. దాన్ని ‘ధర్మమైన ఆట’ అని తెలుగు చేయవచ్చు.

‘జెంటిల్‌మన్’కు మాత్రం ‘పెద్దమనిషి’ చక్కగా అతుకుతుంది. మనకు కూడా ఆ మాటలో వ్యక్తిగుణం కొంత, ఊళ్ళో పలుకుబడి కొంత ఉంటాయి. ఏది ఎంత అన్నది పలికేవాడిని బట్టి మారుతుంది.

గోదారిగట్టు
పందెం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఐర్లండ్ పత్రికల్లో కోడిపందేల ప్రకటనలు కూడా వచ్చేవి. ఒక జిల్లా పెద్దమనుషులకూ మరో జిల్లా పెద్దమనుషులకూ పోటీ, పందెం ఇన్ని గినీలు, అంటే అప్పటి బంగారు నాణేలు, అని. మా భీమవరం వైపు ఈ సంగతి చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. చట్టం కాదంటుంది, సంక్రాంతి అవునంటుంది. పత్రికల్లో ఒక పేజీలో ‘బరుల వద్ద కోలాహలం’, మరో పేజీలో ‘పందెంరాయుళ్ళ అరెస్టు’. పాతపత్రిక గారు డబ్లిన్ పత్రికల రెండు నాలుకల గురించి బాధపడుతున్నారు. నాకు అది బాగా పరిచయమైన బాధ.

లిఫీ_ఒడ్డు
డబ్లిన్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. ఆ వడ్రంగి ఎవరో పాతపత్రిక గారు చెప్పలేదు గానీ, డాన్ డొనెల్లీ అయి ఉండాలి. నేను చూసినదీ విన్నదీ రాస్తాను. కాస్త పొడుగవుతుంది.

1788లో డబ్లిన్‌లో పుట్టాడు. వడ్రంగం వృత్తి. కెప్టెన్ కెల్లీ అనే గుర్రాల ఆసామి అతణ్ణి చేరదీసి పోటీలకు దింపాడు. 1814 సెప్టెంబరులో కిల్‌డేర్ జిల్లా కుర్రా మైదానంలో ఇంగ్లండు బాక్సర్ టామ్ హాల్‌తో మొదటి పెద్ద పోటీ. కుర్రా అంటే గుర్రప్పందేలకు ప్రసిద్ధి పొందిన పచ్చిక మైదానం. దాని మధ్యలో గిన్నెలాంటి పల్లం ఒకటి ఉంది. చుట్టూ గట్టు మీద జనం కూర్చుంటారు, అడుగున పోటీ జరుగుతుంది. అప్పట్లో చేతికి గ్లౌజులు లేవు. ఒకడు కింద పడితే రౌండు ముగిసినట్టు. అర నిమిషంలో లేచి మధ్యలో గీసిన గీత దగ్గరికి రావాలి. రాలేకపోతే ఓడినట్టు. పడినవాణ్ణి కొట్టకూడదు. మోకాళ్ళ మీద ఉన్నా పడినట్టే లెక్క. ఇవి బ్రౌటన్ అనే బాక్సర్ 1743లో పెట్టిన నియమాలు.

హాల్ ఏం చేశాడంటే, దెబ్బ తగలకముందే కూలబడిపోవడం మొదలుపెట్టాడు. పడితే రౌండు అయిపోతుంది, అర నిమిషం విశ్రాంతి దొరుకుతుంది. మళ్ళీ లేస్తాడు, మళ్ళీ కూలబడతాడు. డొనెల్లీకి సహనం పోయింది. ఒకసారి హాల్ కింద ఉండగానే కొట్టాడు. చెవి మీద తగిలింది. హాల్ ఇది అధర్మం, నేను గెలిచినట్టే అంటూ పోరు కొనసాగించనన్నాడు. ఐరిష్ జనం డొనెల్లీ గెలిచాడని టోపీలు ఎగరేశారు. ఎవరి కథ వాళ్ళది.

మరుసటి ఏడాది డిసెంబరు 13న అదే పల్లంలో జార్జ్ కూపర్‌తో తలపడ్డాడు. 20,000 మంది వచ్చారని చెబుతారు. 11 రౌండ్లలో డొనెల్లీ గెలిచాడు. తర్వాత ఆ చోటు పేరే డొనెల్లీ పల్లం అయింది. గెలిచి గట్టెక్కుతున్నప్పుడు పడిన అతని అడుగుల్లో అభిమానులు గుంటలు తవ్వారు. తరువాత వచ్చినవాళ్ళు ఆ గుంటల్లోనే కాలు పెట్టి నడుస్తూ నడుస్తూ వాటిని నిలబెట్టారు. నేనూ మా అబ్బాయీ పోయిన వేసవిలో ఆ అడుగుల్లో నడిచాం. ఇద్దరం ఎనిమిదేళ్ళ వాళ్ళమైపోయాం.

కూతగాడు
ఇంత మంచి కథ చెప్పి మధ్యలో అసలు విషయం దాటేశారు. డొనెల్లీ తప్పు చేశాడు. కింద ఉన్నవాణ్ణి కొట్టాడు. నియమం పుస్తకంలో ఉంది. జనం టోపీలు ఎగరేసినంత మాత్రాన అది ధర్మం కాదు.

గోదారిగట్టు
కూలబడటం ధర్మమా? దెబ్బకు భయపడి పడిపోయే కోడిని మా బరిలో ఓడినట్టే చూస్తారు.

కూతగాడు
పిరికితనం వేరు, అధర్మం వేరు. హాల్ నియమాన్ని వాడుకున్నాడు, డొనెల్లీ నియమాన్ని మీరాడు. రెండింటినీ ఒక గాటన కట్టకండి.

నల్లకోటు
ఈ వాదనలో ఇద్దరూ సగం సగం గెలుస్తారు. 1743 నియమాల్లో దెబ్బ తగలకుండా పడటాన్ని నిషేధించే వాక్యం లేదు. కాబట్టి ఆ రోజు కాగితం హాల్ పక్షాన ఉంది. 1838లో వచ్చిన లండన్ నియమావళి దాన్ని కూడా తప్పుగా చేర్చింది. అంటే గోదారిగట్టు గారు అన్నది 24 ఏళ్ళ తర్వాత నియమమైంది. ఆటగాళ్ళ మనసులో ముందు పుట్టిన ధర్మం కాగితం మీదికి చేరడానికి ఒక తరం పట్టింది.

కూతగాడు
ఇది బాగుంది. ఒప్పుకుంటున్నాను. అయినా డొనెల్లీ కొట్టకుండా ఉండవలసింది.

మా అన్నయ్య గురించి చెప్పాలనిపిస్తోంది. 1991లో మా ఊళ్ళో చెడుగుడు పోటీ. చివరి కూత. అన్నయ్య ఇద్దర్ని తాకి గీత దగ్గరికి వచ్చేశాడు. ఊరంతా కేక. అన్నయ్య వచ్చి రెఫరీతో ‘నాకు మధ్యలో కూత తెగింది’ అన్నాడు. ఎవరికీ వినిపించలేదు. రెఫరీ కూడా గమనించలేదు. మేం ఓడిపోయాం. రెండు రోజులు మా నాన్న అన్నయ్యతో మాట్లాడలేదు. మూడో రోజు అవతలి ఊరివాళ్ళు కప్పు పట్టుకుని మా ఇంటికి వచ్చారు, ఒక పూట మీ దగ్గర ఉంచుకోండని. ఇది ఏ పత్రికలోనూ రాలేదు. నాకు తెలిసిన క్రీడాస్ఫూర్తి అది. దానికి పెద్దమనిషి కానవసరం లేదు. మేం కౌలు రైతులం.

పదాలపుట్ట
కూతగాడు గారు, ఇది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ అన్నయ్యకు నా నమస్కారం చెప్పండి.

పాతపత్రిక
నాకూ అంతే. ‘ఏ పత్రికలోనూ రాలేదు’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే నేను చదువుతున్నదంతా పత్రికల్లోకి వచ్చిన గౌరవమే.

ఓకానెల్ సంగతి చూడండి. డేనియల్ ఓకానెల్, కాథలిక్కుల హక్కుల కోసం పోరాడిన న్యాయవాది. 1815 జనవరిలో ఒక సభలో డబ్లిన్ నగర పాలక సంస్థను ‘బిచ్చగాళ్ళ కార్పొరేషన్’ అన్నాడు. అది పూర్తిగా ప్రొటెస్టెంట్ల చేతిలో ఉన్న సంస్థ. దాని సభ్యుడు డెస్టెర్ ఆ సభలో లేడు. పత్రికలో చదివాడు. ఫలానా తేదీ పత్రికలో మీరు ఇలా అన్నట్టు ఉంది, అన్నారా అని ఓకానెల్‌కు ఉత్తరం రాశాడు. ఓకానెల్ అన్నాననీ చెప్పలేదు, అనలేదనీ చెప్పలేదు. తిట్టు కన్నా ఆ తిట్టు అచ్చయిందన్నదే ఇక్కడ గొడవకు మూలం. నలుగురూ చదివారు కాబట్టి పరువు పోయింది. మళ్ళీ నలుగురూ చదివేలా దాన్ని తెచ్చుకోవాలి.

సందేహం_సత్యం
తర్వాత ఏమైంది?

నల్లకోటు
డెస్టెర్ నౌకాదళంలో పనిచేసినవాడు, గురి తప్పడని పేరు. కొరడా పట్టుకుని ఓకానెల్ కోసం డబ్లిన్ వీధుల్లో తిరిగాడు. ఓకానెల్ ఎదురుపడలేదు. చివరికి సవాలు వచ్చింది. ఫిబ్రవరి 1న కిల్‌డేర్ జిల్లా బిషప్స్‌కోర్ట్ దగ్గర, మంచు పడిన నేల మీద నిలబడ్డారు. ఓకానెల్ గుండు డెస్టెర్ తుంటి భాగంలో దిగింది. రెండు రోజుల తర్వాత అతను చనిపోయాడు. డెస్టెర్ అప్పుల్లో ఉన్నాడు. కార్పొరేషన్‌లో పైకి రావడానికి ఇదొక మెట్టు అనుకున్నాడని చాలామంది నమ్మారు. ఓకానెల్ మీద కేసు పెట్టబోవడం లేదని డెస్టెర్ సెకండ్ సర్ ఎడ్వర్డ్ స్టాన్లీయే స్వయంగా ఉత్తరం రాశాడు. డబ్లిన్‌లో ఓకానెల్ పక్షం వాళ్ళు వీధుల్లో మంటలు వేసి పండగ చేసుకున్నారు.

సందేహం_సత్యం
ఒక భార్య విధవ అయింది. ఊరు పండగ చేసుకుంది. ఇదే నేను మొదటి నుంచీ చెబుతున్నది.

లిఫీ_ఒడ్డు
ఓకానెల్ పండగ చేసుకోలేదు. డెస్టెర్ భార్యకు తన సంపాదనలో భాగం ఇస్తానన్నాడు. ఆమె తీసుకోలేదు. వాళ్ళ కూతురికి ఏటా కొంత డబ్బు ఇవ్వడానికి మాత్రం ఒప్పుకున్నారు. 1847లో చనిపోయేదాకా, అంటే ముప్పై ఏళ్ళకు పైగా ఆ డబ్బు ఇస్తూనే ఉన్నాడు. గుడికి వెళ్ళినప్పుడు ఆ కుడిచేతికి నల్ల తొడుగు వేసుకునేవాడని ఇక్కడి జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

నల్లకోటు
అదే ఏడాది రాబర్ట్ పీల్‌తో కూడా దాదాపు డ్యుయెల్ దాకా వెళ్ళాడు కదా. పశ్చాత్తాపం నిజమైతే అది ఎందుకు జరిగింది?

లిఫీ_ఒడ్డు
వెళ్ళాడు, కాదనను. పీల్ అప్పుడు ఐర్లండ్ పాలన చూసే చీఫ్ సెక్రటరీ. ఆ గొడవ కూడా సభలో అన్న మాట పత్రికల్లోకి ఎక్కడం వల్లే. రెండు పక్షాల సెకండ్‌లూ పత్రికల్లో ఎవరి వివరణ వారు అచ్చు వేయించుకున్నారు. ఐర్లండ్‌లో కుదరదని బెల్జియం తీరంలోని ఒస్టెండ్‌కు బయలుదేరారు. ఓకానెల్‌ను లండన్‌లోనే పట్టుకుని, శాంతికి భంగం కలిగించనని పూచీ రాయించుకున్నారు. ఆ మొదటి నెలల్లో అతను మారలేదని నేనూ అనుకుంటున్నాను. మనిషి ఒక్క రాత్రిలో మారడు. తర్వాత మాత్రం ఎవరు సవాలు చేసినా వెళ్ళలేదు. పిరికివాడని పత్రికలు రాసినా వెళ్ళలేదు. నాకు అది పిస్తోలు ముందు నిలబడటం కన్నా కష్టమైన పనిగా కనిపిస్తుంది.

గోదారిగట్టు
రైతుల కర్రల పోట్లాటలను వదిలేశారు. పాతపత్రిక గారు వాటిని కూడా అడిగారు.

పాతపత్రిక
అవును, నేను ఎక్కువగా బాధపడింది అక్కడే. 1834 జూన్ 24న కెర్రీ తీరంలో బల్లీయాగ్ దగ్గర గుర్రప్పందేల రోజున రెండు వర్గాలు తలపడ్డాయి. ఓడిన వర్గం కాషెన్ నది దాటి పారిపోబోయింది. సుమారు 20 మంది చనిపోయారు, ఎక్కువమంది నీళ్ళలో. అది ఘోరం. దాన్ని ఘోరమని రాసినందుకు పత్రికలను తప్పుపట్టను.

నేను తప్పుపట్టేది ఏమిటంటే, ఈ వర్గాల పోరుకు కూడా పద్ధతులున్నాయని నేను చదివిన పత్రికల్లో ఎవరూ రాయలేదు. వీటికి ముందే రోజు, చోటు నిర్ణయమయ్యేవి. ఒకడు ముందుకొచ్చి తన కోటు విప్పి నేల మీద ఈడ్చుకుంటూ తిరిగేవాడు. ఎదుటివాడు దాన్ని తొక్కితే సవాలు స్వీకరించినట్టు. తమ వర్గం, తమ తాతల పేర్లు అరిచి చెప్పేవాడు. క్లోన్‌మెల్ నియమావళి ఉన్నవాడి సవాలుకూ కోటు ఈడ్చినవాడి సవాలుకూ తేడా ఎక్కడ? ఒకటి ఇంగ్లీషులో అచ్చయింది, మరొకటి నోటి మాటగా మిగిలింది.

నల్లకోటు
తేడా ఉంది. డ్యుయెల్‌లో ఇద్దరు చస్తారు లేదా ఒకడు. ఇక్కడ వందలమంది దిగుతారు. చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు, పిల్లలు కూడా చిక్కుకుంటారు.

పాతపత్రిక
ఆ మాట ఒప్పుకుంటాను. కానీ పత్రికలు చేసిన వాదన అది కాదు. వాళ్ళు సంఖ్య గురించి రాయలేదు, జాతి గురించి రాశారు. ‘వీళ్ళ స్వభావమే అంత’ అన్నారు. ఆర్థర్ యంగ్ అనే ఇంగ్లీషు యాత్రికుడు 1770ల్లోనే హర్లింగ్ అనే ఐరిష్ కర్రబంతి ఆటను ఆటవికుల క్రికెట్ అన్నాడు. ఆ ఆటలో అప్పటికి భూస్వాములే జట్లు కట్టించి, పత్రికల్లో ప్రకటనలు వేయించి, గినీలు పందెం కాసేవారు. కిల్‌కెన్నీలో వచ్చిన ఫిన్స్ లీన్‌స్టర్ జర్నల్‌లో అవి కనిపిస్తాయి. 1798లో ఇంగ్లీషు పాలన మీద వచ్చిన తిరుగుబాటు తర్వాత భూస్వాములు ఆ ఆట నుంచి తప్పుకున్నారు. రైతు కుర్రవాళ్ళు గుమిగూడితే భయం మరి. దొరలు తప్పుకున్నాక ప్రకటనలూ పోయాయి. ఆట మాత్రం పొలాల్లో ఉండిపోయింది.

మాజీ_విలేకరి
నేను మామూలుగా ఈ వేదికలో చదవడమే తప్ప రాయను. ఇవాళ రాయక తప్పడం లేదు.

పదకొండేళ్ళు ఒక దినపత్రికకు మండల విలేకరిగా పనిచేశాను. పేరు అనవసరం. ఒకసారి సంక్రాంతికి మా మండలంలో చెడుగుడు పోటీలు పెట్టారు. సెమీఫైనల్లో ఊరి పెద్దగారి కొడుకు ఆడే జట్టుకూ, మాలపల్లె కుర్రవాళ్ళ జట్టుకూ పోటీ. మాలపల్లె జట్టు గెలుస్తోంది. పెద్దగారి కొడుకు, కింద పడిన పిల్లవాడి పక్కటెముకల మీద తన్నాడు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. నా కళ్ళతో చూశాను. ఆ తర్వాత మాలపల్లె కుర్రవాళ్ళు మీదికి వచ్చారు, తోపులాట జరిగింది.

రాత్రి వార్త రాసేటప్పుడు ‘ఇరువర్గాల మధ్య స్వల్ప ఘర్షణ, పెద్దల జోక్యంతో సద్దుమణిగింది’ అని రాశాను. ఎవరు తన్నారో రాయలేదు. మరుసటి రోజు ఆ పెద్దగారి కొడుకు ఇంకో గ్రామంలో వాలీబాల్ పోటీలు ప్రారంభించాడు. దానికి ‘క్రీడాస్ఫూర్తితో మెలగాలి’ అని శీర్షిక పెట్టింది కూడా నేనే. ఆ పిల్లవాడి తండ్రి పత్రిక పట్టుకుని మా ఇంటికి వచ్చి ఏమీ అడగకుండా నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

1815 డబ్లిన్ విలేకరి ఎలా రాసి ఉంటాడో నాకు తెలుసు. పత్రిక యజమాని ఎవరితో భోజనం చేస్తాడో ఆ విలేకరికి తెలుసు. ప్రకటనలు ఎవరి దగ్గర నుంచి వస్తాయో తెలుసు. ‘స్నేహితుల జోక్యంతో వ్యవహారం మర్యాదగా ముగిసింది’ అనే వాక్యం వాళ్ళ పత్రికల్లో కూడా వచ్చేది కదా? నాది ఆ వాక్యమే.

పాతపత్రిక
వచ్చేది. అచ్చంగా ఆ వాక్యమే. మీరు రాసినందుకు కృతజ్ఞతలు.

కూతగాడు
ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడు?

మాజీ_విలేకరి
పోలీసు శాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన ఏడాది కలిశాను, క్షమించమని అడిగాను. ‘మీరు రాస్తారని మేం అనుకోలేదు లెండి’ అన్నాడు. ఆ మాట నాకు ఇంకా తగులుతూనే ఉంది.

నల్లకోటు
మాజీ_విలేకరి గారి మాటకు చట్టం వైపు నుంచి కొంత చేరుస్తాను. డబ్లిన్ పత్రికలను ప్రభుత్వం రెండు వైపుల నుంచి పట్టుకునేది. అనుకూలంగా ఉన్న పత్రికలకు ప్రభుత్వ ప్రకటనలు అచ్చు వేసినందుకు డబ్బు. కాదన్నవాళ్ళకు పరువునష్టం కేసు. డబ్లిన్ ఈవెనింగ్ పోస్ట్ యజమాని జాన్ మగీ 1813లో వైస్రాయి రిచ్‌మండ్ డ్యూక్ పాలనను విమర్శించినందుకు రెండేళ్ళ జైలు, 500 పౌండ్ల జరిమానా. అతని తరఫున వాదించింది ఓకానెలే. కోర్టులో ఓకానెల్ చేసిన నిప్పులాంటి ప్రసంగాన్ని మగీ తన పత్రికలో అచ్చు వేశాడు. శిక్ష వేసేటప్పుడు అది కూడా అతని నెత్తిన పడింది. అందుకే డ్యుయెల్ వార్తల్లో పూర్తి పేర్లు రాయకుండా మొదటి అక్షరం, పక్కన గీత పెట్టి వదిలేసేవారు. భయం కొంత, మర్యాద కొంత.

సందేహం_సత్యం
మర్యాద కోసం గీత పెట్టడం పెద్దవాళ్ళకే కదా. రైతును ఉరి తీస్తే పూర్తి పేరు రాసేవారు.

నల్లకోటు
అవును. మీరు చెప్పినది నిజం.

ఇంకో కేసు కూడా చెప్పి ఊరుకుంటాను. 1807 వెక్స్‌ఫర్డ్ ఎన్నికలు. ఆల్కాక్, కోల్‌క్లఫ్ ఇద్దరూ అభ్యర్థులు, పాత స్నేహితులు. ఒక మహిళా భూస్వామికి చెందిన కౌలుదార్ల ఓట్లు ఎవరివన్న దాని మీద గొడవ. ఆల్కాక్‌కు చూపు ఆనదు, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. డ్యుయెల్‌కు అద్దాలు పెట్టుకోవడం ధర్మమా కాదా అని అక్కడే వాదన లేచింది. చివరికి అద్దాలతోనే నిలబడ్డాడు. మొదటి కాల్పులోనే కోల్‌క్లఫ్ చనిపోయాడు. ఎంతోమంది చూస్తున్నారు. ఆల్కాక్ ఎన్నికయ్యాడు, హత్య కేసులో జ్యూరీ నిర్దోషి అని చెప్పింది. తర్వాత అతనికి మతి చలించింది. కాగితం మీద అన్ని నియమాలూ పాటించిన మనిషి అతను.

గోదారిగట్టు
అద్దాల గురించి అంత వాదించినవాళ్ళు కౌలుదార్ల ఓటు కౌలుదార్లదే కదా అని ఒక్కరూ అనలేదా?

నల్లకోటు
కోల్‌క్లఫ్ పక్షం వాళ్ళు ఆ కౌలుదార్లు తమంతట తామే ఓటు వేస్తామన్నారనే చెప్పారు. వినే మనసు అవతలివాళ్ళకు లేదు. భూమి ఎవరిదైతే ఓటు వాళ్ళది.

పదాలపుట్ట
రాత్రంతా ఒక మాట మనసులో తిరుగుతోంది. ‘గౌరవ వ్యవహారం’ అని చదివి 1815 పత్రికల మీద కోపం తెచ్చుకుంటున్నాం. మన పత్రికలు ‘పరువు హత్య’ అని రాయడం లేదా? కులం కాని పిల్లవాణ్ణి పెళ్ళి చేసుకున్నందుకు కన్నవాళ్ళే చంపిస్తే, చంపినవాళ్ళు చెప్పుకునే కారణాన్ని తీసుకొచ్చి శీర్షికలో పెడుతున్నాం. ‘పరువు’ అనే మంచి మాట వెళ్ళి ‘హత్య’ పక్కన నిలబడి దానికి కాపలా కాస్తోంది. కులదురహంకార హత్య అని రాయమని ఎంతోమంది ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. కొందరు రాస్తున్నారు. చాలామంది ఇంకా పాత మాటే వాడుతున్నారు, చిన్నదిగా ఉంటుందని, శీర్షికలో పడుతుందని.

పాతపత్రిక గారు, మీ వ్యాసంలో ఆ మాటను ఎలా తెలుగు చేస్తారన్నది చిన్న విషయం కాదు. నా సలహా, ‘పరువు’ వాడకండి.

కూతగాడు
మరేం వాడాలి? వాళ్ళు వాడిన మాట వాళ్ళ నోట వినిపించాలి కదా.

మాజీ_విలేకరి
మాట వాళ్ళదే ఉంచండి. పక్కన ఏం జరిగిందో కూడా రాయండి. ఎవరు తన్నారో రాయకపోవడమే నేను చేసిన తప్పు.

లిఫీ_ఒడ్డు
డొనెల్లీ చివరి సంగతి చెప్పలేదు. 1820 ఫిబ్రవరిలో, 32 ఏళ్ళు నిండకముందే చనిపోయాడు. అప్పటికి డబ్లిన్‌లో మద్యం దుకాణాలు నడిపి నష్టపోయాడు. అంతిమయాత్రకు పట్టణమంతా కదిలింది. కిల్‌మైన్‌హామ్ దగ్గర బుల్లీస్ ఏకర్ అనే శ్మశానంలో పాతిపెట్టారు. కొద్దిరోజుల్లోనే శవాల దొంగలు తవ్వి తీసుకుపోయారు, వైద్యులకు అమ్మడానికి. జనం కోపానికి భయపడి శవాన్ని మళ్ళీ పూడ్చారు గానీ కుడిచేయి మాత్రం తిరిగి రాలేదు. ఆ చేయి ఎన్నో చేతులు మారి, చాలా ఏళ్ళు కిల్‌కల్లెన్ ఊరి మద్యశాలలో అద్దాల పెట్టెలో ఉంది.

ఓకానెల్ కుడిచేతికి నల్ల తొడుగు కథ మిగిలింది. డొనెల్లీ కుడిచేతినే ప్రదర్శనకు పెట్టారు. ఇద్దరి పేర్లూ ఒకే ఊళ్ళో, ఒకే ఏడాదిలో మారుమోగాయి.

గోదారిగట్టు
ఇది వ్యాసంలో పెట్టండి పాతపత్రిక గారు. తప్పకుండా.

పాతపత్రిక
పెడతాను. వ్యాసం మొదలుపెట్టే చోటు కూడా దొరికింది. డెస్టెర్ పత్రిక తెరిచి ‘బిచ్చగాళ్ళ’ అన్న మాట చదివే ఉదయంతో మొదలుపెడతాను. ‘గౌరవ వ్యవహారం’ అన్న మాటను వాళ్ళ మాటగానే ఉంచి, ప్రతిసారీ పక్కన చనిపోయినవాడి పేరు, వయసు తెలిస్తే వయసు, ఇంట్లో మిగిలినవాళ్ళ వివరాలు రాస్తాను. కర్రల పోట్లాటలకు కూడా అలాగే. బల్లీయాగ్‌లో పోయినవాళ్ళ పేర్లు ఎన్ని దొరుకుతాయో చూడాలి. కూతగాడు గారు, మీ అన్నయ్య కూత తెగిన సంగతి రాసుకోవచ్చా? ఊరి పేరు లేకుండా.

కూతగాడు
అన్నయ్యను అడిగాను. ఊరి పేరు పెట్టినా ఫరవాలేదన్నాడు. కానీ అవతలి ఊరివాళ్ళు కప్పు తెచ్చిన సంగతి కూడా రాయాలట, అది లేకపోతే రాయవద్దన్నాడు.

లిఫీ_ఒడ్డు
ఆదివారం వాన లేకపోతే బిషప్స్‌కోర్ట్ వైపు వెళ్ళి వస్తాను. అక్కడి నుంచి కుర్రా దూరమేమీ కాదు. ఏ ఫొటోలు కావాలో రాసి పెట్టండి.

పాతపత్రిక
డొనెల్లీ అడుగుల గుంటలు దగ్గరగా, పక్కన మీ అబ్బాయి కాలు కనిపించేలా ఒకటి.